మొదటి అరగంట నీళ్లు

"ఈ మాట కొట్టెయ్" అంది అక్క.

కాగితం మీద ఆమె వేలు ఆనిన చోట 'పొరపాటు' అని ఉంది. 'వాల్వు సిబ్బంది పొరపాటు వల్ల కలుషిత నీరు సరఫరా అయి, వార్డులో ముగ్గురు మరణించారు.' నాలుగో పేజీలో, చిట్టచివరి పేరా.

"కొట్టేసి ఏం రాయమంటావక్కా?"

"నేరం అని రాయి. పొరపాటంటే చేతిలోంచి గ్లాసు జారిపడటం. నా ఇంట్లోంచి రెండు ప్రాణాలు పోతే దాన్ని పొరపాటంటారా? ముగ్గురట! ఎవరు లెక్కపెట్టారో గానీ, నాకు నలుగురు. కడుపులో ఉన్నది మనిషి కాదా?"

వార్డు మెంబరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

వంటింట్లో గిన్నె మీద మూత ఠంగుమని పడింది. అది అతని భార్య జవాబు.

అక్క నిన్న పొద్దున సంచీ పట్టుకుని దిగింది. పక్క వీధే అయినా, "సభ అయ్యేదాకా ఇక్కణ్ణించి కదలను" అని ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలు పోయి నాలుగు నెలలైంది. కొడుకు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. పలకరిస్తే పలకడు. ఇక ఆమె మాటలన్నీ తమ్ముడికే.

"సాయంత్రం నాలుగింటికి సభ. నువ్వు చదివాక ఇంజినీరు సంతకం పెడతాడు. సంతకం పడిందా, వాల్వులు తిప్పే ఆ చక్రంగాడి ఉద్యోగం ఊడుతుంది. ఊడితే నాకు చాలదు. వాణ్ణి లోపల వెయ్యాలి. నువ్వు నేరం అని రాస్తేనే పోలీసులు కదుల్తారు. నేను కనుక్కున్నాను."

"ఎవర్ని కనుక్కున్నావ్?"

"ఎవర్నైతే నీకెందుకు? మార్చు."

"ఆలోచిస్తానక్కా."

"నీ ఆలోచన పాడుగాను. చిన్నప్పట్నుంచీ అంతే. నిప్పంటుకుంటే నీళ్లు పొయ్యాలా వద్దా అని ఆలోచిస్తావు" అని ఆమె లేచి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది.

మెంబరు మిగిలిన మూడు పేజీలూ తిరగేశాడు. 'ఏడాది సేవల నివేదిక' అని పైన పెద్ద అక్షరాలు. వార్డు గుమాస్తా టైపు చేశాడు. వీధి దీపాలు నలభై ఒకటి. మురుగు కాలువల మీద బండలు పదహారు. వానకు కూలిన బడి గోడ, మళ్లీ కట్టించారు. చదువుతుంటే ఎవరో వేరే మనిషి చేసిన పనుల్లా ఉన్నాయి.

ముప్ఫై ఏళ్లు కుట్టు మిషన్లు బాగుచేసిన చేతులు అతనివి. దారం ఎందుకు తెగుతోందో చెవితో విని చెప్పేవాడు. ఎన్నికల్లో గెలిచిన మర్నాటి నుంచి జనం రకరకాల రిపేర్లు తెచ్చారు. స్నానాల గదిలో పాము దూరిందని ఒకరు, పక్కింటి కుక్క మొరుగుడు ఆపించమని ఒకరు, అల్లుడు అలిగాడు వచ్చి నచ్చజెప్పమని ఒకరు. మొదటి నెలలో వానలు. మూడు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు, చెక్కబల్ల మీద ముసలివాళ్లను మోసుకొచ్చారు. తర్వాత బడి గోడ. ఆ తర్వాత పెద్ద పైపు పగిలింది. ఏడాది మొత్తం నీళ్లే. ఎక్కువైతే ఏడుపు, లేకపోతే ఏడుపు.

పక్కన వంటగది గుమ్మంలో భార్య నిలబడి ఉంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఈ నాలుగు నెలల్లో ఆ పొయ్యి మీంచి నీళ్ల గిన్నె దిగిన పొద్దు లేదు.

"మారుస్తానని ఒక్కమాట అనేస్తే పోయేదిగా" అంది మెల్లగా.

"నేను మార్చను. ఆ పేరానే చదవను."

"మరి?"

"జరిగింది చెప్పేస్తాను."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"ఏం జరిగిందండీ? నాకూ చెప్పండి, వింటాను."

"నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. నాలుగు రోజులు చుక్క నీళ్లు లేవు. పైపు అతికించారు. చక్రం వచ్చి నీళ్లు వదిలాడు. ఎక్కడికి వదిలాడు? కాలవలోకి! జనం బిందెలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటే కళ్లముందు నీళ్లు కాలవలో పోతుంటే ఎవరికి మండదు? అడిగితే, మొదటి అరగంట ఇంతే, పైపు కడగాలి అన్నాడు."

"సరిగ్గానే అన్నాడు. గోతిలో మురుగు పక్కన నాలుగు రోజులు తెరిచి ఉన్న పైపు అది."

"అప్పుడు తెలిసిందా మీకు?"

మెంబరు తల అడ్డంగా ఊపాడు. తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. జనం మధ్యలోకి వెళ్లి, "తాగేవాళ్లు నిలబడి ఉంటే కాలవకు పోస్తావేంటయ్యా? మూసెయ్ అది! కుళాయిలకు వదులు!" అని గట్టిగా అరిచాడు. చక్రం ఒకసారి అతని మొహంలోకి చూసి, చేతిలో ఉన్న ఇనప చక్రాన్ని తిప్పి కాలవ గొట్టం మూశాడు. కుళాయిలు బుస్సుమన్నాయి. వీధంతా చప్పట్లు. గెలిచిన రోజు కూడా అన్ని చప్పట్లు పడలేదు.

మూడో వారం నుంచి కామెర్లు మొదలయ్యాయి.

"వీధి వీధంతా చూసింది" అన్నాడతను. "ఒక్కడంటే ఒక్కడు ఇంజినీరు చేసిన విచారణలో నోరు విప్పలేదు."

"ఎలా విప్పుతారు? అరిచింది వాళ్లేగా. తిలా పాపం తలా పిడికెడు. అందరిదీ అయినప్పుడు మీరొక్కరే నెత్తిన పెట్టుకుని ఊరేగడం దేనికి?"

"మరి చక్రం ఒక్కడే ఎందుకు మొయ్యాలి?"

ఆమె గుమ్మం దాటి అతని దగ్గరకొచ్చింది.  గొంతు తగ్గించి అంది.

"కొట్లోకొచ్చి, చేతిలో మిషను వదిలించి, మిమ్మల్ని లాక్కెళ్లింది నేను. మీరు మీ సంగతి చెప్తే, మీ అక్క రెండో ప్రశ్న ఏమడుగుతుందో తెలుసా? నిన్నెవరు పిలిచారురా అని. ఆవిడ మొహం నేనిక చూడగలనా? ఈ ఇంట్లో ఉండగలనా?"

"నీ పేరు నేనెత్తను."

"ఎత్తక్కర్లేదు. ఆవిడకు ఊహ లేదనుకున్నారా?"

 గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి.

అతను రోజూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి ఈ సంగతి చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆయనకు అన్నీ తెలుసునంటారు. తెలిసినవాడికి చెప్పుకోవడంలో ఏముంది, నోరు నొప్పి పుట్టదు. తెలియనివాళ్లకు చెప్పడమే కష్టం. ఆ కష్టం తప్పించుకోవడానికే తను ఇన్నాళ్లూ దేవుణ్ణి వాడుకున్నాడేమో అని ఈమధ్య అనుమానంగా ఉంది.

వీధి తలుపు చప్పుడైంది.

గుమ్మంలో చక్రం నిలబడి ఉన్నాడు. బట్టతల, మాసిన చొక్కా, చేతిలో సంచీ గుడ్డతో చుట్టిన ఇనప చక్రం. పంతొమ్మిదేళ్లుగా ఆ చక్రంతోనే వార్డులో వాల్వులన్నీ తిప్పాడు. అసలు పేరు వాళ్లావిడకైనా గుర్తుందో లేదో.

"ఆఫీసులో ఎవరూ లేరు మెంబరుగారూ. అంతా సభ ఏర్పాట్లలో ఉన్నారు. సామాను మీకప్పగించమని కబురు పెట్టారు."

మెంబరు లేచేలోపే పెరటివైపు నుంచి అక్క వచ్చేసింది. మొహం మీద తడి ఇంకా ఆరలేదు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావురా?"

చక్రం చుట్టిన గుడ్డను గుండెలకు ఆనించుకున్నాడు.

"నీ చేతులు పడిపోను! అరగంట ఆగలేకపోయావా? ఇంటికెళ్లి పడుకోవాలని తొందరొచ్చిందా? నా కోడలికి ఏడో నెలరా! ఏడో నెల!"

"తెలుసమ్మా."

"ఏం తెలుసురా నీకు?"

"ఆ అమ్మాయి తెలుసమ్మా. మీ వీధి చివర వాల్వు తిప్పడానికి వస్తే మీ ఇంటి మెట్టు మీద కూర్చుని ఉండేది. 'బాబాయ్, ఇవాళ ఎంతసేపు వదుల్తావ్?' అనేది. నీకు ఎంత కావాలో అంత అనేవాణ్ణి. ఊరికే అనేవాణ్ణిలెండి, వదిలేది గంటే."

  అక్క గోడ పట్టుకుని కుర్చీలో కూలబడింది.

చక్రం మూటను గుమ్మం పక్కన పెట్టి మెట్లు దిగాడు. మెంబరు చెప్పులైనా వేసుకోకుండా వెనకే వెళ్లాడు. గేటు దగ్గర అందుకున్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదయ్యా విచారణలో?"

"ఎవరు మూశారని అడిగారు. నేనే అన్నాను. ఎవరు మూయమన్నారని అడగలేదు."

"అడక్కపోతే చెప్పవా?"

"చెయ్యి నాదేగా మెంబరుగారూ."

"ఈరోజు సభలో నేను చెప్తాను. అంతా చెప్తాను."

చక్రం రోడ్డువైపు చూశాడు. మంచినీళ్ల ట్యాంకరు ఒకటి మలుపు తిరుగుతోంది. పైపు మీద నమ్మకం పోయాక వార్డుకి ట్యాంకరే దిక్కు.

"చెప్పండి. చెప్తే నా పిల్లలు వీధిలో తలెత్తుకుని తిరుగుతారు. ఇస్త్రీ కొట్టాయన మా ఇంటి బట్టలు ముట్టుకోవడం మానేశాడు తెలుసా? ఆ రోజు అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే." కాస్త ఆగాడు. "నాకు మటుకు బాధ ఒకటేనండీ. పంతొమ్మిదేళ్లలో ఎంతమంది తిట్టినా మొదటి అరగంట కాలవకే వదిలాను. ఆ ఒక్కరోజు, మీరు అరిచారు, మూశాను. అది భయం. కానీ చప్పట్లు కొడుతుంటే నాకూ బాగుందనిపించింది. ఎప్పుడూ తిట్లే కదా. అది మటుకు ఎవరికి చెప్పుకోవాలో తెలీడం లేదు."

మెంబరు లోపలికొచ్చేసరికి అక్క కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని ఉంది. "పద" అంది. "టైమవుతోంది."

* * *

వార్డు గ్రంథాలయం హాల్లో కుర్చీలు సరిపోక బల్లలు వేశారు. కిటికీల్లో కూడా మనుషులే. ముందు వరసలో అక్క. ఆమె పక్కనే మెంబరు భార్య. బల్ల దగ్గర ఇంజినీరు, అతని పక్కన మినిట్సు పుస్తకంతో గుమాస్తా. అందరికంటే వెనక, తలుపు పక్కన, చక్రం నిలబడి ఉన్నాడు. అతని పక్కన ఖాళీ ఉంది. ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు.

మెంబరు మూడు పేజీలు చదివాడు. దీపాల దగ్గర కొందరు తలూపారు. బడి గోడ దగ్గర ఎవరో "బాగా కట్టించారు" అన్నారు. నాలుగో పేజీ చేతిలోకి తీసుకుని, దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టాడు.

"ఇందులో రాసింది అబద్ధం" అన్నాడు.

ఇంజినీరు తలెత్తాడు.

"కాలవ గొట్టం మూయమన్నది నేను. చక్రం వద్దంటూనే ఉన్నాడు. నేను వీధిలోకొచ్చి, మెంబర్ని చెప్తున్నాను మూసెయ్ అన్నాను. మూశాడు. మీరంతా అక్కడే ఉన్నారు. చనిపోయినవాళ్ల పాపం..." వెనక నిలబడిన చక్రంవైపు చూశాడు. "నాది. అతని పని తీసెయ్యడానికి వీల్లేదు. తీసేస్తే నన్ను తియ్యండి."

పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. 

అప్పుడు ఇస్త్రీ కొట్టాయన లేచాడు. మనిషి ఎర్రబడి ఉన్నాడు గానీ గొంతులో తేనె కారుతోంది.

"మెంబరుగారూ, కూర్చోండి సార్. మీరు చాలా అలిసిపోయారు. ఇంజినీరుగారూ, మా మెంబరుగారి ఇంటి మనిషే పోయిందండీ. అప్పట్నుంచీ ఆయన ఆయనలో లేరు. ఎవడి తప్పైనా తన మీదేసుకునే మనిషి. వానల్లో మా అమ్మను వీపు మీద మోసుకొచ్చారు. అంత మంచితనం పనికిరాదని చెప్తూనే ఉన్నాం."

"అవునవును" అన్నారెవరో.

"నేను చెప్పేది మంచితనం కాదు! నువ్వక్కడే ఉన్నావు కదయ్యా, రెండు బిందెలతో!"

"నేనా? ఆ రోజు కొట్లోనే ఉన్నాను సార్. చూళ్లేదు."

"మేమూ చూళ్లేదు" అంది కిటికీ దగ్గర ఒకామె, నేలచూపులు చూస్తూ.

ఇంజినీరు కలం మూత తీశాడు. "అయ్యా, మీ మాట నేను కాదనను. కానీ సాక్ష్యం కావాలి. ఆ సాయంత్రం మెంబరుగారు అక్కడికొచ్చి చెప్పినట్టు చూసినవాళ్లుగానీ, తెలిసినవాళ్లుగానీ ఉంటే చెయ్యెత్తండి."

మెంబరు ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయాడు. అందరూ తనకు ఓట్లేసినవాళ్లు. ఒక్కొక్కరూ చూపు తిప్పుకుంటున్నారు. తిప్పుకునే ముందు మాత్రం జాలిగా చూస్తున్నారు, జ్వరంలో పలవరించేవాణ్ణి చూసినట్టు. తను నిజం చెబితే ఊరు తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. నమ్మదని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"చక్రం, నువ్వు చెప్పవయ్యా" అన్నాడు దాదాపు బతిమాలుతూ.

"ఆయన చెప్పింది నిజమేనండీ" అన్నాడు చక్రం.

"వాడు అనకేం చేస్తాడు!" అని ఎవరో అనేసరికి పెద్దగా నవ్వు లేచింది. ఆ నవ్వు చల్లారేలోగా "మెంబరుగారిది పెద్ద మనసు!" అన్నాడు ఇస్త్రీ కొట్టాయన. చప్పట్లు మొదలయ్యాయి. ముందు ఇద్దరు, తర్వాత పదిమంది, తర్వాత హాలంతా. మెంబరుకి ఆ మోత తెలుసు. బల్ల అంచు పట్టుకున్నాడు.

అక్క లేచి నిలబడింది. చప్పట్లు ఆగిపోయాయి.

ఆమె తమ్ముడివైపు చూడలేదు. పక్కన కూర్చున్న మరదలివైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. నీ మొగుడు ఆ రోజు వచ్చాడా, లేదా?"

"వదినా..."

"వచ్చాడా, లేదా?"

 మెంబరు భార్య ఒక్క క్షణం భర్తవైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, క్షమించమనడం కూడా లేదు. అటు తర్వాత నేలకేసి చూస్తూ అంది.

"రాలేదు వదినా. కొట్లోనే ఉన్నారు. మిషను బాగుచేసుకుంటున్నారు."

హాలంతా ఊపిరి వదిలినట్టయింది. ఇంజినీరు మినిట్సు పుస్తకం తనవైపు లాక్కున్నాడు. నాలుగో పేజీని మళ్లీ తిరగేసి సంతకం చోటు వెతుక్కుంటున్నాడు.

అక్క మాత్రం కూర్చోలేదు.

"మరి ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసిందెవరే?"

అక్క మరదలి మీంచి చూపు తిప్పలేదు.

"'నీళ్లొచ్చాయి వదినా, త్వరగా పట్టుకోండి. మీ తమ్ముడే దగ్గరుండి ఇప్పించారు. మొన్న ఓటెయ్యనన్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు' అన్నావు. ఎంత సంబరపడ్డావు! నేనూ పడ్డాను. ఎందుకు పడను, నా తమ్ముడు!"

"అక్కా..." అన్నాడు మెంబరు. ఆ ఫోను సంగతి అతనికి తెలియదు.

"నువ్వు ఊరుకో. నీకు నాలుగు నెలలు పట్టింది నోరు పెగలడానికి. నాకూ అంతే పట్టింది. ఆ మాట నేను మర్చిపోయాననుకున్నారా? రోజూ వినిపిస్తూనే ఉంది. వినపడకుండా ఉండాలనే వాణ్ణి తిట్టాను, వాడి చేతులు పడిపోవాలని తిట్టాను. వాడిది నేరమని నువ్వు కాగితం మీద రాసేస్తే నా చెవిలో ఆ మాట ఆగుతుందేమోనని."

ఆమె గొంతు ఇప్పుడు ఎవరితోనో కాదు, తనతోనే మాట్లాడుకుంటున్నట్టు తగ్గిపోయింది. అయినా కిటికీలదాకా వినబడింది.

"ఆ పిల్ల దాహమంటే మొదటి గ్లాసు నేనే పట్టాను. 'మీ మామయ్య ఇప్పించిన నీళ్లు, తాగు తల్లీ' అని నా చేత్తోనే ఇచ్చాను."

ఇంజినీరు కలం గాలిలో ఆగిపోయింది. ఇబ్బందిగా, "అమ్మా, ఇది సాక్ష్యంగా రాసుకోమంటారా?" అని అడిగాడు.

 అక్క కుడిచెయ్యి పైకెత్తింది.

అంత పెద్ద హాల్లో ఆ చెయ్యి ఒక్కటే పైకి లేచి ఉంది. గుమాస్తా మినిట్సు పుస్తకంలో ఏదో రాయబోయి, మెంబరువైపు చూశాడు. మెంబరు అతన్ని చూడటం లేదు. ముందు వరసలో అక్క పక్కన, రెండు చేతులూ ఒడిలో గట్టిగా బిగించుకుని కూర్చున్న భార్యను చూస్తున్నాడు.

ఇంజినీరు గొంతు సవరించుకుని మళ్లీ అడిగాడు. "ఇంకెవరైనా ఉన్నారా?"